పర్లేదన్నవాళ్ళకి వాపసు లేదు

పోయిన వారం మనం సారీ అక్కని అద్దాల గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారమంతా ఆవిడ అక్కడే నిలబడి ఉంది. మీరు మాత్రం వేళకి తిన్నారు, కంటినిండా పడుకున్నారు, మధ్యమధ్యలో నన్ను తిట్టుకున్నారు. తిట్లన్నీ అందాయి. ఇక లోపలికి వెళదాం.

ఈ వారమే పత్రిక చేతపట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఖాతాలో కోసిన చార్జీలు వెనక్కి ఇమ్మని అడిగేవాళ్ళ ఫోన్లు ఎత్తడం సారీ అక్క ఉద్యోగం. పొద్దస్తమానం 'సారీ అండి, సారీ అండి' అంటూ ఉంటుంది కనక ఆ అంతస్తులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. తండ్రి పోయాక ఆమెను పెంచింది మేనమామ. బస్టాండు వెనక సందులో తాళాలు బాగుచేసి, మారు తాళంచెవులు కోసే చిన్న దుకాణం ఆయనది. ఖాతాలో ఉండాల్సినంత సొమ్ము లేదని బ్యాంకు ఒక చార్జీ కోసింది. కోసినందువల్ల సొమ్ము ఇంకా తగ్గింది కాబట్టి ఇంకొకటి కోసింది. దాంతో దుకాణం అద్దె కింద ఇచ్చిన చెక్కు తిరిగొచ్చింది. తిరిగొచ్చిందని మళ్ళీ ఒకటి. దుకాణం ఓనరు ఆ చెక్కును ఇవాళ రెండోసారి బ్యాంకులో వేశాడు. ఈసారి కూడా చెల్లకపోతే ఖాళీ చేయిస్తానని మొహం మీదే చెప్పాడు. సాయంత్రం లోపల చార్జీలు వెనక్కి పడితే దుకాణం ఉంటుంది, లేకపోతే పోతుంది.

'బ్యాంకువాళ్ళు కుదరదన్నారే' అని మామయ్య నిన్న రాత్రి ఇంట్లో ఒక్క మాట అని ఊరుకున్నాడు. సారీ అక్క ఊరుకోలేకపోయింది. తన సీట్లోంచే ఆయన ఖాతా తెరిచి, చార్జీలు రివర్స్ చేసే బటన్ నొక్కింది. తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది. 'ఈ ఖాతాదారుకు అవసరం లేదు.' అది చదవడం పూర్తయ్యేలోపే అద్దాల గదిలోంచి పిలుపొచ్చింది.

ఆ గదిలో కూర్చునే సెక్షన్ హెడ్‌ని వెనకాల అందరూ వెన్నపూస అంటారు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. మనిషిని ఉద్యోగంలోంచి పీకేసేటప్పుడు కూడా ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి, తలుపు దాకా వచ్చి సాగనంపుతాడు. ఇలాంటివాళ్ళంటే నాకు హడలు. అరిచేవాడు ఎంత దూరంలో ఉన్నాడో వినిపిస్తుంది, ఈయన ఎంత దగ్గరికొచ్చాడో తెలీదు.

"రండమ్మా, కూర్చోండి. నీళ్ళు తాగుతారా?"

"వద్దు సార్."

"తాగండి. గొంతుతో పనిచేసేవాళ్ళు గొంతు ఎండబెట్టుకోకూడదు."

గ్లాసు ఆయనే ముందుకు జరిపాడు. ఆమె అందుకోబోతే నీళ్ళు బల్ల మీద చిందాయి. ఆయన జేబురుమాలు తీసి, ఆ తడిని తనే తుడిచాడు.

"మీ మామయ్యగారి ఖాతా కదూ?"

సారీ అక్క తలూపింది. చుట్టాల ఖాతా ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందని చేరిన రోజే చెప్పారు. ఆ మాట ఆమె మర్చిపోలేదు. తెలిసే చేసింది.

"ఆ సంగతి ఇప్పుడొద్దులెండి. అసలు రివర్స్ ఎందుకు చెయ్యాలనుకున్నారు? అది చెప్పండి ముందు."

"తప్పు మనదే సార్. ఆయన ఆ రోజు పొద్దున్నే డబ్బు కట్టాడు. మనవాళ్ళు ముందు చార్జీ కోసి, ఆ తర్వాత కట్టిన డబ్బు వేశారు. మొదటి చార్జీయే పడకూడదు. అది పడకపోతే మిగతావీ పడవు."

"నిజమే, తప్పు మనదే." ఆయన ఏ తడబాటూ లేకుండా ఒప్పుకున్నాడు. "అయితే?"

"అయితే అంటే... వెనక్కి ఇవ్వాలిగా సార్."

వెన్నపూస చిన్నగా నవ్వాడు. ముద్దొచ్చే ప్రశ్న అడిగిన పిల్లని చూసి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

"ఇన్నేళ్ళుగా ఈ సెక్షన్లో ఉన్నారు. ఫోన్ ఎత్తగానే తెర మీద రంగు చుక్క వస్తుంది కదా, ఆకుపచ్చ వస్తే మొత్తం ఇస్తారు, పసుపు వస్తే సగం ఇస్తారు, ఎరుపొస్తే సారీ చెప్తారు. ఆ రంగు ఎలా వస్తుందనుకుంటున్నారు?"

"ఖాతాని బట్టి. ఎన్నాళ్ళ ఖాతా, ఎంత సొమ్ముంది, తప్పెవరిది..."

"తప్పెవరిదన్నది ఎవరికీ అక్కర్లేదమ్మా. తప్పు చూసి వాపసు ఇస్తూ పోతే బ్యాంకు మూసుకోవాలి. మేం చూసేది ఒక్కటే. ఇవ్వకపోతే ఈ మనిషి ఏం చేస్తాడు? ఖాతా మూసేసి పక్క బ్యాంకుకి పోయేవాడైతే ఇచ్చేస్తాం. నలుగురికీ చెప్పి యాగీ చేసేవాడైతే ఇచ్చి, పైన ఒక సారీ కూడా చెప్తాం. ఎక్కడికీ పోనివాడికి ఎందుకివ్వాలి? వాడికి అవసరం లేదు."

తెర మీద వచ్చిన వాక్యం అర్థం ఆమెకు అప్పుడు తెలిసింది.

"పోతాడో పోడో ముందే ఎలా తెలుస్తుంది సార్?"

"వాళ్ళే చెప్తారు. మీరు మాట్లాడుతుంటే ఒక మిషను వింటూ ఉంటుంది. ఎవరు ఏ మాట అన్నారు, ఆ తర్వాత ఉన్నారా పోయారా, ఏళ్ళ తరబడి చూసింది. తిట్టినవాళ్ళు పోతారు, అది ఎవరైనా చెప్తారు. ఏడ్చినవాళ్ళు కూడా ఒక్కోసారి పోతారు. థాంక్స్ చెప్పినవాళ్ళని అసలు నమ్మకూడదు. ఒక్క మాట అన్నవాళ్ళు మాత్రం ఎప్పటికీ పోరు. ఆ మాట చెవిన పడగానే చుక్క ఎర్రబడుతుంది."

"ఏ మాట?"

"పర్లేదు."

ఇక్కడ నేనొక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే నాకు ఒళ్ళు మండుతోంది. మనం ఆ మాట ఎప్పుడెప్పుడు అంటామో చూడండి. బస్సులో ఎవరో కాలు తొక్కితే, బొటనవేలు పచ్చడైనా పర్లేదండి అంటాం. దర్జీ చొక్కా పాడు చేసి తల గోక్కుంటే పర్లేదులే అంటాం. జ్వరంతో మూలుగుతూ, ఎలా ఉందని అడిగినవాడితో పర్లేదు అంటాం. మనకి నొప్పిగా ఉందని తెలిస్తే ఎదుటివాడి మొహం ఎక్కడ చిన్నబోతుందోనని అనే మాట అది. అంత మంచి మాటని పట్టుకుని, వీళ్ళని ఎంత తొక్కినా ఫరవాలేదని రాసుకున్నారు చూశారా, అక్కడే నాకు కడుపు రగిలిపోయింది.

"అది మర్యాదకి అనే మాట కదా సార్," అంది సారీ అక్క.

"మర్యాద మంచిదే. మర్యాదస్తులు ఉండబట్టే మనకి జీతాలొస్తున్నాయి. కొత్త చార్జీ ఏదైనా పెట్టాలంటే మొదట వాళ్ళ ఖాతాల్లోనే పెట్టి చూస్తాం. పర్లేదంటే అప్పుడు అందరికీ పెడతాం."

ఆయన ఇదంతా చెబుతున్న తీరు మరీ భయంగా ఉంది. దాచాల్సిన సంగతి చెబుతున్నట్టు లేదు. ఇంత వివరంగా తనకెందుకు చెబుతున్నాడో ఆమెకు అంతుపట్టలేదు. తనని పంపేయాలనుకుంటే ఇంత మాట్లాడక్కర్లేదు. ఏదో కావాలి ఈయనకి.

"కానీ సార్, మా మామయ్య ఆ మాట అనడు," అంది గట్టిగా. "ఆయన సంగతి మీకు తెలీదు. చిల్లర తక్కువిచ్చాడని కండక్టరుతో పోట్లాడి బస్సు ఆపించిన మనిషి. మిషను ఏదో పొరపాటు పడింది. ఒక్కసారి చూడండి సార్."

"చూడటమెందుకు, విందాం."

వెన్నపూస ఏదో నొక్కాడు. ముందు కిర్రుమని చప్పుడు వచ్చింది. తాళంచెవులు కోసే మిషను. ఆ చప్పుడు ఆమె నిద్రలో కూడా గుర్తుపడుతుంది. ఆ వెనకే మామయ్య గొంతు.

"మేడమ్, నమస్కారమండి. వరసపెట్టి మూడు చార్జీలు కోశారండి. అవి వెనక్కి వెయ్యకపోతే రేపు పొద్దున్నే వచ్చి ఖాతా మూసేస్తానండి. మీ మేనేజరు ముందే మూసేస్తాను. ఆ తర్వాత ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్తాను. మీరేం చేస్తారో చెయ్యండి."

సారీ అక్క మొహంలోకి కొంచెం వెలుగొచ్చింది. విన్నారా, చెప్పానా అన్నట్టు చూసింది. అంతలో అవతలి గొంతు బదులు పలికింది.

"సారీ అండి. మీ ఇబ్బంది నాకర్థమైందండి. ఒక్క నిమిషం లైన్లో ఉంటారా?"

అది తన గొంతే.

ఆ అంతస్తులో ఇంతమంది ఫోన్లు ఎత్తుతుంటే మామయ్య ఫోను వచ్చి తన దగ్గరే పడింది. తెర మీద పేరుండదు, ఖాతా అంకెలూ చుక్కా ఉంటాయి, అంతే. కానీ గొంతు? రోజూ వినే గొంతు ఎలా గుర్తుపట్టలేదు? ఇంట్లో ఆయన 'ఏమే' అంటాడు, 'పిల్లా' అంటాడు, కోపమొస్తే 'మహాతల్లీ' అంటాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట తనని 'అండి' అనగా వినలేదు, 'మేడమ్' అనగా వినలేదు. పరాయివాళ్ళతో మాట్లాడే మామయ్య ఆమెకు పరాయివాడే. మిషను చప్పుడు ఆ అంతస్తు గోలలో కలిసిపోయింది, పైగా ఆ సమయంలో ఆమె చూస్తున్నది చుక్కని. చుక్క నిగనిగలాడే ఆకుపచ్చగా ఉంది.

మిషను చప్పుడు ఆగిపోయింది. మామయ్య దాన్ని ఆపేశాడు. ఆయన ఊపిరి మాత్రం వినిపించింది.

"పర్లేదులేమ్మా," అన్నాడు మామయ్య. గొంతు పూర్తిగా వేరే. "నువ్వేం చేస్తావ్ మధ్యలో. పెట్టేస్తాను."

"ఇంకేమైనా సహాయం కావాలా అండి?"

"వద్దు తల్లీ."

అంతే. ఫోను పెట్టేసిన చప్పుడు.

ఆయన గుర్తుపట్టాడు. ఆ ఒక్క 'సారీ అండి'తోనే గుర్తుపట్టాడు. ఇంకో మాట గట్టిగా అంటే ఆ మాట మేనకోడలికి తగులుతుందని, పేరు చెబితే ఆమె ఉద్యోగానికి ముప్పొస్తుందని, చేతిదాకా వచ్చిన డబ్బుని వదిలేసి ఫోన్ పెట్టేశాడు. ఆ రోజు చుక్క ఆకుపచ్చలోంచి ఎరుపులోకి తిరగడం ఆమె కళ్ళారా చూసింది. బతికిపోయాం, పెద్ద గొడవేమీ లేకుండా తెమిలింది అనుకుని, తర్వాతి ఫోన్ ఎత్తింది. ఆ సాయంత్రం ఇంటికెళితే మామయ్య కంచం ముందు కూర్చుని, 'ఏమే, బాగా అలిసిపోయావా?' అని మాత్రం అడిగాడు. అది గుర్తొచ్చి ఆమె ఏడ్చింది. వెన్నపూస ముందు ఏడవకూడదనుకుంటూనే వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆయన ఏడుపు ఆగేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు.

"మన బ్యాంకు వదిలి వీధి తలుపు దాకా వెళ్ళిన మనిషి. అలా వెళ్ళినవాడు వెనక్కి రావడం మా మిషను ఎప్పుడూ చూళ్ళేదు. ఎవరీ గొంతు అని ఆరా తీస్తే మీరు తేలారు. తర్వాత పాత ఫోన్లన్నీ తీసి విన్నాం. ఆ మనిషి మీ మామయ్యని తర్వాత తెలిసిందనుకోండి, కానీ ఆయన ఒక్కడే కాదు. ఎవరైనా సరే, మీతో మాట్లాడితే చల్లబడతారు. ఈ అంతస్తులో మీతో అన్నంతగా ఇంకెవరితోనూ పర్లేదు అనరు."

తన ఫోన్లు తొందరగా తెములుతాయని, జనం తనతో బాగా మాట్లాడతారని సారీ అక్కకి లోలోపల కొంచెం గర్వంగా ఉండేది. ఆ గర్వం ఇప్పుడు సిగ్గుగా మారింది.

"ఇంత మంచి గొంతు ఒక్క సీట్లో, ఒక్క ఫోను దగ్గర పడి ఉండటం అన్యాయమమ్మా. మాకివ్వండి."

"ఏమివ్వాలి?"

"గొంతు. మీరు మాట్లాడక్కర్లేదు, కష్టపడక్కర్లేదు. మిషను మాట్లాడుతుంది, మీ గొంతుతో."

"ఎవరితో?"

"అందరితో."

ఆయన తన ముందున్న తెరని ఆమె వైపు తిప్పాడు. మామయ్య ఖాతా. మూడు చార్జీలు ఒకదాని కింద ఒకటి.

"నేను ఇక్కడ నొక్కితే ఈ మూడూ వెనక్కి పడతాయి. చెక్కు చెల్లుతుంది. చుట్టాల ఖాతా ముట్టుకున్న సంగతి ఈ గది దాటదు."

"ఇవ్వనంటే?"

"ఇవ్వనంటే మానేస్తారు. బలవంతం ఏముంది ఇందులో?" అని గోడ గడియారం వైపు చూశాడు. చెక్కులు చూసే వేళ దగ్గరపడుతోంది.

సారీ అక్క కళ్ళు మూసుకుంది. పొద్దున ఫోన్ చేసిన పెద్దావిడ గుర్తొచ్చింది. ఆసుపత్రిలో ఉండి కట్టలేకపోయానమ్మా అని చెప్పుకుని, చివరికి ఆవిడే పర్లేదమ్మా అని సముదాయించి ఫోన్ పెట్టేసింది. ఇక అలాంటివాళ్ళందరినీ తన గొంతే పలకరిస్తుంది. తను నిద్రపోతున్నప్పుడు కూడా సారీ అండి అంటూనే ఉంటుంది. ఇంకోపక్క మామయ్య. ఆయనకి వేరే పని రాదు. ఆ బల్ల వెనక ఇనప రజను మధ్య కూర్చోబెట్టుకుని తనకి ఎక్కాలు చెప్పాడు, ఆ బల్ల మీద వచ్చిన డబ్బుతోనే చదివించాడు. తన మొహం చూసి డబ్బు వదులుకున్నవాడికి తను దుకాణం కూడా మిగల్చలేకపోతే ఎందుకీ బతుకు?

మీరైతే ఏం చేసేవారో నాకు తెలీదు. ఆమె మాత్రం సరే అంది.

"కొంచెం ఇటు జరిగి, ఒప్పుకుంటున్నాను అనండి."

"ఒప్పుకుంటున్నాను."

వెన్నపూస నొక్కాడు. మూడు చార్జీలూ ఒక్కసారే మాయమై, ఖాతాలో సొమ్ము పెరిగింది. ఆయన లేచి తలుపు దాకా వచ్చాడు. "ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి. గొంతు జాగ్రత్త," అన్నాడు.

బయటికొచ్చి వరండా చివర కిటికీ దగ్గర నిలబడి మామయ్యకి ఫోన్ చేసింది. తప్పు చేశానో ఒప్పు చేశానో తర్వాత ఏడవచ్చు, ముందు ఆయనకి చెప్పాలి. ఫోన్ ఎత్తేసరికి వెనకాల ఏదో బరువైనది ఈడుస్తున్న చప్పుడు.

"మామయ్యా, డబ్బులు పడ్డాయి! మూడూ వెనక్కి వేశారు. చెక్కు చెల్లుతుంది. ఓనరు వస్తే..."

"ఇదేంటే?" మామయ్య గొంతు నీరసంగా ఉంది. "ఇందాకేమో రావన్నావు, ఇప్పుడేమో వచ్చాయంటావు."

"ఇందాకేంటి?"

"ఇందాక నువ్వు ఫోన్ చేశావుగా. పైవాళ్ళని అడిగాను, ఇక కుదరదన్నారు, ఓనరుతో గొడవపడకు, మర్యాదగా ఖాళీ చేసెయ్ అన్నావు. సరేలే పిల్లా అన్నాను. ఆయన వస్తే కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేశాను. తాళంచెవుల మిషను బండెక్కిస్తున్నారు, వినపడట్లా?"

సారీ అక్క కిటికీ చువ్వ పట్టుకుంది.

"నేను చెయ్యలేదు మామయ్యా. నేనింతసేపూ లోపల హెడ్డుగారి దగ్గరున్నాను. ఒట్టు. సామాను దింపించెయ్, నేను వస్తున్నా."

"నువ్వు చెయ్యకపోవడమేంటి? నీ గొంతు నాకు తెలీదా? నోరు తెరవడమే మామయ్యా అని తెరిచావు. నన్నలా పిలిచేది ఈ లోకంలో నువ్వొక్కదానివే కదే."

ఆమె వెనక్కి తిరిగింది. అద్దాల గదిలో వెన్నపూస చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు మూసుకుని, తల మెల్లగా ఆడిస్తూ ఏదో వింటున్నాడు. తను ఒప్పుకోకముందే ఆ గొంతు పనిలోకి దిగిందని ఆమెకు అప్పుడర్థమైంది. సొంత మేనమామే పోల్చుకోలేకపోతే ఇంకెవరూ పోల్చుకోలేరు. ఆ సంగతి తేల్చుకోవడానికే ముందుగా ఆయనకి చేశారు.

"మామయ్యా, నా మాట విను. అది నేను కాదు. అది మిషను. నా గొంతు పెట్టుకుని..."

అవతల బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"ఇందాక మాట్లాడింది నువ్వు కాదంటున్నావు," అన్నాడు మామయ్య, ఆమె ఎన్నడూ వినని భయంతో. "మరి ఇప్పుడు మాట్లాడేది నువ్వేనని నేనెలా నమ్మేది?"

అని ఫోన్ పెట్టేశాడు.